మిగిలిన పాతిక శాతం హాజరు

చాలా కాలేజీల్లో 75 శాతం హాజరుంటే చాలు. మిగిలిన పాతిక శాతాన్ని జ్వరాలకీ పెళ్ళిళ్ళకీ దాచుకోమని ఇంట్లో చెబుతారు. దాచుకోకండి. తాడేపల్లిగూడెం నిట్‌లోనో, ఏలూరు సర్ సి.ఆర్. రెడ్డి కాలేజీలోనో చదువుతున్నారు; ఒక్కసారైనా జపాన్ భోజనం తినాలని గదిలో రోజూ అనుకుంటున్నారు. అలాంటప్పుడు సెమిస్టర్ మధ్యలోనే బయల్దేరండి. సెలవులిచ్చాక వెళ్దామనుకున్నవాళ్ళు వెళ్ళరు. నిట్‌లో సగం సీట్లు మన రాష్ట్రానికి, మిగతా సగం బయటి రాష్ట్రాలకి. సెలవులివ్వగానే పాట్నావాడు పాట్నాకి, త్రిశూర్‌వాడు త్రిశూర్‌కి పోతాడు. వాళ్ళు లేకుండా తినే సుషీకి అంత దూరం ఎందుకు? జపాన్ భోజనం హైదరాబాద్‌లో దొరుకుతుంది; రాత్రి తాడేపల్లిగూడెంలో రైలెక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. ఒక రోజు క్లాసులు పోతే పోనివ్వండి.

ఎవర్ని తీసుకెళ్ళాలన్నదాంట్లోనూ నా మాట తిరకాసుగానే ఉంటుంది. యానిమే చూసి జపాన్ అంటే పడిచచ్చేవాణ్ణి బతిమాలక్కర్లేదు, వాడు ఎప్పటికైనా తింటాడు. “పచ్చి చేపా? నేను రాను మావా” అంటున్నవాణ్ణి లాక్కెళ్ళండి. మీరు పిలవకపోతే వాడు జన్మలో ఆ గుమ్మం తొక్కడు. వాడికి మొదట సుషీ చెప్పకండి, కర్రీ రైస్ చెప్పండి. మెయిజీ కాలంలో బ్రిటిష్‌వాళ్ళ ద్వారా జపాన్ చేరిన మన దేశపు కూర అది, చిక్కబడి, కాస్త తీపెక్కి, అన్నం మీదే కూర్చుంటుంది. చెంచాతో తింటారు. అది తిన్నాక వాడే పక్కవాడి పళ్ళెంలోకి చూస్తాడు.

శాకాహారి స్నేహితుణ్ణి మాత్రం అలా మొండిగా లాక్కెళ్ళకూడదు. మిసో సూప్‌లో కంటికి చేప ముక్క కనిపించదు గానీ, దాని అడుగున ఉండే దాషి అనే చారు సాధారణంగా ఎండబెట్టిన బొనీటో చేపతోనే కాస్తారు. నూడుల్స్ పులుసులోనూ అదే ఉంటుంది. ముందే హోటల్‌కి ఫోన్ చేసి అడగండి. దోసకాయ ముక్క చుట్టిన సుషీ ఉంటుంది, అవకాడోది ఉంటుంది. వాడి ఆకలికి లోటుండదు.

ఇక నా సలహాల్లో అందరూ వెనకాడేది ఒకటుంది: జపాన్ భోజనానికి వెళ్ళేముందు కొల్లేరు వెళ్ళండి. హైదరాబాద్ వెళ్ళాలనుకుంటుంటే కైకలూరు ఎందుకంటారు. వెళ్ళాలి. ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. ఆటపాకలో గూడబాతుల్ని చూసి, కొల్లేటికోట పెద్దింట్లమ్మకి దణ్ణం పెట్టుకుని, ఎక్కడైనా మంచి చోట కొర్రమీను పులుసు తినండి. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తెచ్చి పోస్తుంటే, ఉప్పుటేరు వాటిని సముద్రానికి పంపుతుంది. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కిన సరస్సు ఇది. అదే జాబితాలో అంతకుముందే, 1993లో, జపాన్‌లోని బివా సరస్సు చేరింది. సుషీ పాత రూపం ఒకటి ఆ బివా ఒడ్డున ఇప్పటికీ బతికుంది. ఫునాజుషి అంటారు దాన్ని. సరస్సు చేపని ఉప్పులో నెలల తరబడి ఊరేసి, తర్వాత వండిన అన్నంలో పొరలు పొరలుగా పెట్టి పులియబెడతారు. ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. మంచినీటి చేపా, ఉప్పూ, వరి అన్నమూ, కాలమూ అంతే. కొల్లేటి గాలిలో ఎండుచేపల వాసన పీల్చినవాడికి ఫునాజుషి పరాయి తిండిలా అనిపించదు. వంకాయలో గుప్పెడు ఎండురొయ్యలు వేసి వండే అమ్మమ్మకి దాషి సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ రుచి వెనక ఉన్న గ్లుటమేట్‌ని 1908లో కికునాయె ఇకెడా అనే శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచులోంచి వేరుచేశాడు; ఎండురొయ్యల్లోనూ ఆ జాతి రుచే.

ఒక్కటి మాత్రం పట్టుబట్టి చెబుతున్నా. ఇంత విన్నాక హాస్టల్ గదిలో కొల్లేటి బొచ్చెనో శీలావతినో పచ్చిగా కోసి సుషీ చేద్దామనుకోకండి. మంచినీటి చేపల్లో మనిషి ఒంట్లో చేరే పరాన్నజీవులుంటాయి. సుషీకి వాడేది ఎక్కువగా సముద్రపు చేపే, అందులోనూ సాల్మన్ లాంటివాటిని గడ్డకట్టించాకే కోస్తారు. బొచ్చెని పులుసు పెట్టుకోండి, దానికదే గొప్ప.

రొయ్యల చెరువులున్న భీమవరం, ఆకివీడు వైపు నుంచి వచ్చిన స్నేహితుడుంటే ఈబీ టెంపురా వాడి చేత చెప్పించండి. ఈబీ అంటే రొయ్యే. రొయ్య పిల్లల్ని తొట్లలో పెంచడం సాధ్యమేనని 1930లలో చూపించినవాడు మోటోసాకు ఫుజినాగా అనే జపాన్ శాస్త్రవేత్త. ఈ పళ్ళెంలో ఉన్నది మా చెరువు సరుకేనని వాడు అంటే నవ్వకండి, కావచ్చు కూడా.

బల్ల దగ్గర కూర్చున్నాక చాప్‌స్టిక్ పుల్లలతో కుస్తీ పట్టకండి. అన్నం మీద చేప ముక్క పెట్టిన సుషీని చేత్తో తినడం జపాన్‌లో తప్పు కాదు. నూడుల్స్ చప్పుడు చేస్తూ జుర్రడం కూడా తప్పు కాదు. చేత్తో తినడం మన అలవాటే; మనవాళ్ళు చిన్నప్పుడు మాన్పించిన జుర్రడం కూడా అక్కడ పనికొస్తుంది. పుల్లల్ని అన్నంలో నిలువుగా గుచ్చి వదిలెయ్యకండి, అది చనిపోయినవాళ్ళకి పెట్టే తీరు. పచ్చరంగు ముద్ద ముక్కుకి ఘాటుగా కొడితే వసాబీ ఇంతేనని తీర్మానించకండి. బయట దొరికేది చాలావరకు గుర్రపుముల్లంగి ముద్ద.

బిల్లు వచ్చాక ఫోన్ తీసి తలా ఎంతని లెక్కలు కట్టకండి. ఆ నెల స్కాలర్‌షిప్ పడినవాడు ఇచ్చేస్తాడు, తర్వాతి నెల ఇంకొకడు ఇస్తాడు, ఒకడు ఎప్పటికీ ఇవ్వలేకపోతాడు. వాణ్ణి అడక్కండి. ఇంట్లోంచి డబ్బు తెప్పించుకోలేనివాడు ఆ పూట అందరితో పాటు కూర్చుని తినడానికి మీరు వేసుకున్న లెక్కే అడ్డం కాకూడదు. డబ్బు జాగ్రత్త నేర్చుకోవడానికి ఉద్యోగం వచ్చాక ముప్ఫయ్యేళ్ళుంటాయి.

నాలుగో సంవత్సరం ప్లేస్‌మెంట్లు మొదలయ్యేలోగా వెళ్ళిరండి. ఆ తర్వాత ఒకడు బెంగుళూరులో ఉంటాడు, ఒకడు పుణెలో, అందరికీ సెలవు దొరికే రోజు ఒక్కటీ కలవదు. ఈ వారమే టికెట్లు చూడండి.