అద్దె మంచాలు, అరువు రోగులు

మా ఊరి కాలేజీ గేటు మీద బోర్డు మళ్లీ మారింది. ఈ ఊళ్లో ఏడాది పొడుగునా పని దొరికే మనిషి ఒక్కడే, బోర్డులు రాసే పెయింటరు. మొదట బీఈడీ అని రాశాడు. తర్వాత ఇంజినీరింగ్ అన్నాడు. అందులో సీట్లు నిండకపోతే ఎంబీఏ అన్నాడు. ఇప్పుడు అన్నిటి మీదా తెల్లరంగు పూసి 'బీఎస్సీ నర్సింగ్' అని రాశాడు. ఒక్క పూతే వేసినట్టున్నాడు, ఎండ పడితే నర్సింగ్ కిందనుంచి ఇంజినీరింగ్ తొంగిచూస్తోంది.

ప్రారంభోత్సవానికి నన్నూ పిలిచారు. వేదిక మీద పన్నెండు కుర్చీలు. ఎమ్మెల్యేగారు, ఆయన బావమరిది, స్థలమిచ్చిన దాత, ఆ స్థలం తనదని కోర్టుకెక్కి రాజీపడ్డ ఇంకో దాత, ఫ్లెక్సీ కొట్టించినాయన, అందరూ కూర్చున్నారు. అందరూ నర్సుల త్యాగం గురించే మాట్లాడారు. వేదిక మొత్తానికి నర్సు ఒక్కావిడే, ప్రిన్సిపాల్‌గారు. ఆవిడ నిలబడే ఉంది. జ్యోతి వెలిగించేటప్పుడు నూనె ఒలక్కుండా చూడటం, పెద్దలకు అగ్గిపెట్టె అందించడం ఆవిడ డ్యూటీ.

కరస్పాండెంటుగారు మైకు పుచ్చుకుని, జర్మనీలో ముసలివాళ్లు మన పిల్లల కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారని చెప్పారు. చప్పట్లు మోగాయి. మన ఊరి ముసలివాళ్లు ఎవరికోసం ఎదురుచూడాలో మాత్రం చెప్పలేదు.

కోర్సు మీద నాకు కోపం లేదు. నర్సులు కావాలి, మా పల్లెటూళ్ల ఆడపిల్లలకు ఉద్యోగాలూ కావాలి. కానీ నర్సు చదువు నల్లబల్ల మీద వచ్చేది కాదు. నరం దొరకని ముసలిచేతికి సూది ఎక్కించడం, మంచాన పడ్డ మనిషికి వీపు పుండ్లు పడకుండా రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పడం, పురిటి నొప్పుల్లో అరుస్తున్న పిల్ల చెయ్యి వదలకుండానే గడియారం చూడటం, ఇవన్నీ మంచం పక్కన నిలబడితేనే వస్తాయి. అందుకే నర్సింగ్ కౌన్సిల్ నిబంధన పెట్టింది: 60 సీట్ల కాలేజీకి 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలి, ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులుండాలి, పదిమందికో టీచరుండాలి. 2014 తర్వాత వచ్చిన మెడికల్ కాలేజీల పక్కనే 157 నర్సింగ్ కాలేజీలు పెడతామని కేంద్రం 2023 బడ్జెట్లో చెప్పిందీ ఇందుకే. ముందు రోగి, తర్వాత ఆసుపత్రి, ఆ తర్వాత కాలేజీ, అది వరస. మావాళ్లది ఎదురువరస. ముందు బోర్డు రాయించారు. ఆ తర్వాత కల్యాణమండపానికి 'ఆసుపత్రి' అని పేరు పెట్టారు. చివరికి రోగుల కోసం వెతుకులాట మొదలుపెట్టారు.

ఆ వెతుకులాటలో నేనూ దొరికాను. ఇన్‌స్పెక్షన్‌కి ముందురోజు రాత్రి కరస్పాండెంటుగారు ఇంటికొచ్చి, "మాస్టారూ, ఒక్కపూట పడుకోండి చాలు, ఊరికి కాలేజీ వస్తుంది" అన్నారు. ఊరి మేలు కోసం పడుకోవడం కంటే తేలికైన సేవ ఏముంది? తెల్లారేసరికి పద్దెనిమిదో నంబరు మంచం మీద ఉన్నాను. మంచాలు టెంటుహౌసువి, దుప్పట్లు లాడ్జివి, సెలైన్ స్టాండ్లు పక్క టౌను నుంచి ఆటోలో వచ్చాయి. ట్రాక్టర్ల మీద జనం దిగారు. మీటింగులకు జనాన్ని తోలే మేస్త్రీయే దీనికీ మేస్త్రీ. తలకు మూడొందలు, మధ్యాహ్నం బిర్యానీ. కేస్ షీట్ ప్రకారం నాకు టైఫాయిడ్. పక్కన పదిహేడో మంచం మీదున్న మామ్మకు కాన్పు అని రాశారు. ఆవిడకు డెబ్బై ఉంటాయి. ఎవరో చూసి నాలిక్కరుచుకుని, కొట్టేసి 'నీరసం' అని దిద్దారు.

ఇన్‌స్పెక్షన్‌వారు వచ్చారు. వేలు చాపి మంచాలు లెక్కపెట్టారు. నా నుదుటి మీద ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు, వేస్తే టైఫాయిడ్ చల్లగా తగిలేది. కారెక్కేటప్పుడు వాళ్ల చేతుల్లో ఫైళ్లతో పాటు పూతరేకుల డబ్బాలున్నాయి. డబ్బాల్లో ఇంకేమైనా ఉందేమో, రోగిని, నాకెలా తెలుస్తుంది?

ఇది మా ఊరి ఘనత మాత్రమే అనుకుంటే అన్యాయం. మధ్యప్రదేశ్‌లో నర్సింగ్ కాలేజీల బాగోతం హైకోర్టు దాకా పోయింది. కాలేజీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసిరమ్మని కోర్టు సీబీఐని పంపింది. మంచి రిపోర్టు రాయడానికి లంచం పుచ్చుకున్నారన్న ఆరోపణ మీద, 2024 మేలో, ఆ చూడబోయిన తన అధికారులనే సీబీఐ అరెస్టు చేయాల్సి వచ్చింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టాన్ని తీసేసి 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. చట్టాలకేం, అవి కూడా బోర్డుల్లాంటివే. కింద రంగు గోకకుండా పైన ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు.

ఏ నర్సింగ్ కాలేజీకి వెళ్లినా గోడ మీద దీపం పట్టుకున్న ఫ్లోరెన్స్ నైటింగేల్ బొమ్మ ఉంటుంది. ఆవిడ పుట్టిన మే 12న దండ కూడా వేస్తారు. ఆ దీపం ఎందుకు పట్టుకుందో మాత్రం అడగరు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే ఎక్కువగా ఆసుపత్రి మురికిలో పుట్టిన రోగాలకు చస్తున్నారని ఆవిడ చూసింది. చూసి ఊరుకోలేదు. చావులు లెక్కగట్టి, బొమ్మలు గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. లండన్ గణాంకశాస్త్ర సంఘంలో సభ్యత్వం పొందిన మొదటి మహిళ ఆవిడే. ఆవిడా లెక్కలే పెట్టింది, మావాళ్లూ లెక్కలే పెట్టారు. ఆవిడ లెక్కలో మనుషులున్నారు, వీళ్ల లెక్కలో మంచాలున్నాయి.

సరే, ఎలాగో చదివి బయటికొచ్చిన పిల్ల గతేమిటి? ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం 2016లో కమిటీ వేసింది. 50 పడకల్లోపు ఆసుపత్రిలోనైనా జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదంది, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. ఇదే సంగతి కరస్పాండెంటుగారిని అడిగితే, "ఇరవై వేలా? సేవకు ఖరీదు కడతారా మాస్టారూ?" అని నొచ్చుకున్నారు. ఫీజుకు మాత్రం ఖరీదు కట్టారు, రసీదు లేకుండా.

ఇన్‌స్పెక్షన్ కార్లు పోయాక ట్రాక్టర్లు రావడానికి గంట పట్టింది. తెల్ల ఆప్రాన్ వేసుకున్న అమ్మాయొకతె సెలైన్ స్టాండ్లు సర్దుతోంది. పదిహేడో మంచం మామ్మ ఆమెను పిలిచి చీర కుచ్చెళ్లు కాస్త పైకి జరిపింది. మడమ దగ్గర పుండు, చుట్టూ చర్మం నల్లబడి ఉంది. మంచి వాసన రావడం లేదు.

"నర్సమ్మా, రెండు నెల్లనుంచి మానడంలేదు. కాస్త చూడవే."

పిల్ల బెదిరిపోయింది. "నేను నర్సుని కాదు మామ్మా. బీకామ్ రెండో ఏడు. ఆప్రాన్ వాళ్లిచ్చారు."

మామ్మ కుచ్చెళ్లు కిందికి వదిలేసి నవ్వింది. "నేనూ రోగిని కాదులే తల్లీ, మూడొందల కూలీని. కాలొక్కటే నిజం."