నీవె నీవటంచు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

మెదక్ సీమ వాడైన కోలాచల మల్లినాథ సూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ రెండు నియమాలు పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయడు, అక్కర లేనిది చెప్పడు. ఆదాయపు పన్ను రిటర్నుకు వ్యాఖ్య రాసే కర్మ పట్టలేదు కాబట్టి ఆ మహానుభావుడికి రెండూ చెల్లాయి. నాకు మొదటిదొక్కటే చెల్లుతుంది. ఈ కావ్యజగత్తులో ఆధార్ లేనిదే అక్షరం కదలదు మరి.

పద్యం మా ఆడిటరు గారి బల్ల మీద, ఎవరిదో ఫారం 16 జిరాక్సు వెనక, పెన్సిలుతో రాసి ఉండగా దొరికింది. కర్త పేరు లేదు. అక్షరాల వణుకును బట్టి జులై చివరి వారంలో, రాత్రి పదకొండు దాటాక పుట్టిందని పండితులు, అంటే నేనూ ఆడిటరు గారూ, నిర్ణయించాం.

మూలం

పాను సంఖ్య కొట్టి పాసువర్డును జెప్పి
ఫోను వైపు చూచి పూజ చేసి
యంకెలారు వచ్చు నందాక నాగుము
నీవె నీవటంచు నిగ్గు దేలు

ప్రతిపదార్థం

పాను సంఖ్య = ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర మళ్ళీ ఒక అక్షరం కలిసిన పదింటిని; కొట్టి = టైపు చేసి (తలుపు కొట్టి అని శ్లేష); పాసువర్డును = పోయినేడు పెట్టుకుని ఈ ఏడు మరిచిపోయిన రహస్యపదాన్ని; చెప్పి = మూడోసారికి సరిగా చెప్పి; ఫోను వైపు = ఆధార్‌కి లింకైన నంబరున్న ఫోను వైపు, చేతిలో ఉన్న ఫోను వైపు కాదు; చూచి = రెప్ప వేయక చూచి; పూజ చేసి = కిటికీ దగ్గర ఒకసారి, డాబా మీద ఒకసారి ఎత్తి పట్టి; అంకెలు ఆరు = ఓటీపీ; వచ్చునందాక = దిగివచ్చే వరకు; ఆగుము = రీసెండ్ నొక్కకుము; నీవె నీవు అటంచు = నువ్వు నువ్వేనని; నిగ్గు తేలు = రుజువగును.

తాత్పర్యం

ఓ పన్ను కట్టువాడా! నీ ఆదాయం ఎంతో సర్కారు వారికి ముందే తెలుసు. నీ జీతం, నీ వడ్డీ, నీ టీడీఎస్ అన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. తెలియనిదల్లా ఒక్కటే, ఇప్పుడు తలుపు కొడుతున్నది నువ్వా కాదా అని. అది తేలే దాకా ఓపిక పట్టు.

విశేషాలు

ఛందస్సు: పా-పా, ఫో-పూ, య-అ, నీ-ని యతిస్థానాలు. ఇంగ్లీషు ఫోనుకు తెలుగు పూజతో యతి కుదర్చడం కవి ప్రతిభ. జీవితంలో కూడా ఆ రెండూ అలాగే కుదిరాయి.

పాను సంఖ్య: ఇది ఒట్టి అంకెల గుంపు కాదు, ప్రవర. నాలుగో అక్షరం వర్ణం చెబుతుంది: మనిషైతే ‘పి’, కంపెనీ అయితే ‘సి’, అవిభక్త హిందూ కుటుంబమైతే ‘హెచ్’. ఐదో అక్షరం మనిషి ఇంటిపేరుకు మొదటి అక్షరం. చిక్కంతా ఇక్కడే. దరఖాస్తు ఇంటిపేరును ‘లాస్ట్ నేమ్’ అంటుంది. మన ఇంటిపేరు ముందుంటుంది. ఉన్న వరసలో గళ్ళు నింపిన తెలుగువాడికి సొంత పేరే ఇంటిపేరై కూర్చుంది. తరవాత ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరమైంది, బ్యాంకు పాసుపుస్తకంలో పూర్తిగా విడింది. ఒకే మనిషి మూడు కాగితాల్లో ముగ్గురయ్యాడు. 2017లో ఆదాయపు పన్ను చట్టంలో 139ఏఏ సెక్షన్ చేర్చి పానునూ ఆధార్‌నూ ముడి వేయమన్నప్పుడు, ఈ ముగ్గురినీ ఒక పీట మీద కూర్చోబెట్టడానికి మనవాళ్ళు మీసేవ చుట్టూ తిరిగారు. ముహూర్తం దాటిన పెళ్ళికి వెయ్యి రూపాయల రుసుము. 2023 జూన్ 30 లోపు ముడి పడని పాను చచ్చిపోదు, ‘పనిచేయని’ది అవుతుంది. వ్యాకరణంలో అవ్యయం లాంటిది: ఉంటుంది గానీ ఏ విభక్తీ చేరదు.

ఆధార్‌లో యతి: పన్నెండు అంకెల్లో చివరిది ముందున్న పదకొండింటి నుంచి పుడుతుంది. డచ్చి గణితజ్ఞుడు వెర్హోఫ్ 1969లో ప్రచురించిన పద్ధతి ఇది. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా చివరి అంకె పట్టేస్తుంది. మన ఛందస్సులో దీన్నే యతిభంగం అంటారు. తేడా అల్లా, యతి తప్పిన పద్యాన్ని సభలో ఎవరో ఒకరు మన్నిస్తారు.

పాసువర్డును జెప్పి: ఇక్కడ కవి దాచిన సొగసు ఒకటుంది. పాసువర్డు అడిగే చోటే తెర మీద ఒక వాక్యం కనిపిస్తుంది, ఒకప్పుడు మనమే రాసి పెట్టుకున్నది. అది సరైనదేనని మనం టిక్కు పెట్టాలి. అంటే నువ్వు నువ్వేనని సైటు అడిగే ముందు, తను తనేనని నీకు రుజువు చూపుతోంది. చాలామంది చదవకుండానే టిక్కు పెడతారు. కావ్యంలో నాందిని చదివేదెవరు?

పూర్వకవి మార్గం: ఈ పరీక్ష కొత్తది కాదు. సుందరకాండలో సీతమ్మ హనుమను చూసి ముందు రావణుడే వేషం వేసుకొచ్చాడని శంకించింది. ఆయన రాముడి గుణాలు, గుర్తులు చెప్పాడు, ఉంగరం చూపాడు. తిరుగు ప్రయాణంలో ఆమె చూడామణి ఇచ్చింది, దానితో పాటు తనకీ రాముడికీ మాత్రమే తెలిసిన కాకి కథ చెప్పింది. ఒకటి చేతిలో ఉన్న వస్తువు, రెండోది మనసులో ఉన్న మాట. నేటివాళ్ళు దీన్నే టూ ఫ్యాక్టర్ అంటున్నారు. శకుంతల ఒక్క ఉంగరాన్నే నమ్ముకుని నీళ్ళలో పోగొట్టుకుంది. ఆధార్‌కి లింకైన సిమ్ము రద్దయినవాళ్ళు ఆ నాటకం ఐదో అంకం చదివితే ఊరట కలుగుతుంది. ఆమె చేప దొరికే దాకా ఆగింది. వీళ్ళు ఆధార్ సెంటరులో టోకెను దొరికే దాకా ఆగాలి.

పాఠభేదం: మూడో పాదంలో ‘నందాక’ అంటే ఎంత సేపు? ఆధార్ వారు పంపే ఎస్సెమ్మెస్‌లో పది నిమిషాలని ఉంటుంది. పన్ను వారి సైటు మాత్రం పదిహేను నిమిషాలు, మూడు ప్రయత్నాలు అంటుంది. రెండూ ప్రామాణిక ప్రతులే. అందులో పెద్దదాన్ని నమ్మినవాడు పదకొండో నిమిషంలో చెడతాడని నా మతం.

కాలనిర్ణయం: ఈ ఆరంకెలు లాగిన్‌లో వస్తాయా, రిటర్ను వేశాక వెరిఫై చేసేటప్పుడా? సెక్యూరిటీ పెంచుకున్నవాళ్ళకి రెండు చోట్లా రావచ్చు. వెరిఫై చేయని రిటర్ను చెల్లని రిటర్నే. 2022 ఆగస్టు 1కి ముందు దీనికి 120 రోజులుండేవి. ఆ రోజు నుంచి వేసిన రిటర్నులకు 30 రోజులే. ఓటీపీ పడనివాళ్ళకి సనాతన మార్గం ఒకటి ఇంకా తెరిచే ఉంది: ఐటీఆర్-వి ముద్రించి, సంతకం పెట్టి, బెంగళూరులోని సీపీసీకి పోస్టు చేయడం. సంతకం అన్న మాట ఇక్కడ పాఠకులు గుర్తుంచుకోవాలి.

శంక, సమాధానం

శంక: ‘నీవె నీవటంచు’ అన్నాడు కదా, నిజంగా తేలుతున్నది నువ్వేనా? ఫోను నీ దగ్గరుందనే కదా?

సమాధానం: ఈ శంకకు శాస్త్రంలో జవాబు లేదు, అనుభవంలో ఉంది. మా నాన్న రిటైరైన లెక్కల హెడ్మాస్టరు, ఊళ్ళో ఉంటారు. ఆయన పెన్షన్ రిటర్ను ఏటా హైదరాబాదు నుంచి నేనే వేస్తాను. ఓటీపీ ఆయన బటన్ల ఫోనుకి వెళుతుంది. మా పెరట్లో ఉసిరి చెట్టు కింద తప్ప దానికి సిగ్నలు అందదు. పోయినేడు చెట్టు కింద నిలబెట్టి అడిగాను.

“నాన్నా, వచ్చిందా?”

“వచ్చింది. నాలుగు లక్షల డెబ్బై...” అని స్థానవిలువలతో మొదలుపెట్టి ఠక్కున ఆగిపోయారు. “ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటార్రా.”

“నేను ఎవరినో కాదు కదా నాన్నా.”

“అదే తేలాలి. కొడుకు గొంతుతో ఫోన్ చేసి మోసం చేస్తున్నారట, పేపర్లో చదివా. ఏడో తరగతిలో ప్రోగ్రెస్ కార్డు మీద నా సంతకం నువ్వే గీకేశావు. గుర్తుందా?”

“ఉంది.”

“ఎట్లా దొరికావు?”

తెర మీద నిమిషాలు తగ్గిపోతున్నాయి. ముప్పై ఏళ్ళ కిందటి బెత్తం దెబ్బ అరచేతిలో చురుక్కుమంది. “ఆకుపచ్చ ఇంకుతో పెట్టాను.”

“ఆఁ. ఆకుపచ్చ ఇంకు హెడ్మాస్టరుది. తండ్రి నీలం ఇంకుతో పెడతాడు. సరే, రాసుకో.”

ఈసారి ఒక్కొక్క అంకే, నల్లబల్ల మీద రాస్తున్నట్టు నిదానంగా చెప్పారు. కొట్టాను. వెరిఫై అయింది. ఆయన సంతకం మళ్ళీ నేనే పెట్టాను, ఈసారి దెబ్బలు లేకుండా.

“అయిందా?” అన్నారు చెట్టు కింద నుంచి. “ఏమంటాడు?”

“మీరు మీరేనంటున్నాడు నాన్నా.”

కాసేపు మాట లేదు. తర్వాత నవ్వు వినబడింది. “అక్కడ కూర్చున్నది నువ్వు కదరా!”

దీన్ని బట్టి నాలుగో పాదాన్ని లేఖకుడు తప్పు రాశాడని నా అనుమానం. ‘నీవె నేనటంచు నిగ్గు దేలు’ అన్నదే కవి పాఠమై ఉండాలి. గణాలు తప్పలేదు, యతి చెడలేదు. మా ఇంటి వరకు అర్థం కూడా సరిపోయింది.