ఎవరన్నారో మీరే కనుక్కోండి

సరే, కొటేషన్లు పోయాయి. పెద్దకర్మ కూడా అయిపోయినట్టే. ఈమధ్య ఏ కథ తెరిచినా మాటల చుట్టూ ఆ జంట తోకలు కనిపించడం లేదు. అవి ఉంటే కథ పాతబడిపోతుందట. పేజీ మురికిగా కనిపిస్తుందట. పాత్రకీ కథకుడికీ మధ్య గోడ లేస్తుందట. మొన్నటిదాకా కులం గోడలూ వర్గం గోడలూ బద్దలు కొడతామన్న కథకులు ఇప్పుడు ఇన్వర్టెడ్ కామాల గోడ మీద పడ్డారు. ఇది తొందరగానే కూలింది. ఒక్క బ్యాక్‌స్పేస్ చాలింది మరి.

నాకర్థమైనంతలో కొత్త పద్ధతి ఇదీ. ఇద్దరు మాట్లాడుకుంటూ ఉంటారు. పక్కన మూడో మనిషి ఏదో తలుచుకుంటూ ఉంటాడు. కథకుడు కిటికీలోంచి వాన చూస్తుంటాడు. ఈ నలుగురినీ ఒకే పేరాలో కుక్కాలి. నమూనా కావాలా? ఇప్పుడే, ఇక్కడే అల్లి ఇస్తాను:

అన్నం తిన్నావా లేదు ఎందుకు నేను రానన్నాను కదా వాన మొదలైంది నీకు చెప్పానా చెప్పలేదు గొడుగేదీ అమ్మ గుర్తొచ్చింది.

అన్నం తిననిదెవరు? రానన్నదెవరు? గొడుగెవరిది? అమ్మ ఎవరికి గుర్తొచ్చింది? ఈ ప్రశ్నలు అడిగారో, మీరు టీవీ సీరియళ్ళ బాపతు. ఇప్పుడు పాఠకుడు సహరచయిత అట. అలాగే కానివ్వండి, ఆ కాస్త పారితోషికంలో మా వాటా కూడా పంపించండి.

ఎవరైనా నోరెత్తితే రెండు పేర్లు మొహాన కొడతారు. కార్మాక్ మెకార్తీ. జోసె సరమాగో. మొదటాయన అమెరికా నవలాకారుడు, 2007లో టీవీలో ఓప్రా విన్‌ఫ్రీ ముందు కూర్చుని, పేజీ నిండా ఆ చిన్నచిన్న గుర్తులు చల్లక్కర్లేదని చెప్పాడు. రెండో ఆయన పోర్చుగీసు నవలాకారుడు. 1998లో నోబెల్ అందుకున్నాడు. కాబట్టి మనమూ పీకేద్దాం, మిగతాది స్వీడన్ వాళ్ళే చూసుకుంటారు.

ఆ ఇద్దరూ ఏం పీకారో చూశారు గానీ ఏం ఉంచారో చూశారా? మెకార్తీ ఒక్కొక్కరి మాటకీ కొత్త లైను తీసుకుంటాడు. 2006లో వచ్చిన ‘ద రోడ్’ తిరగేయండి. తండ్రి మాట ఒక లైను, కొడుకు మాట మరో లైను. పైగా నవలలో చాలాభాగం ఉన్నదే ఆ ఇద్దరు. సరమాగో ఆ లైను కూడా తీసేశాడు, నిజమే. పేజీలకు పేజీలు ఒకటే పేరా. అయితే మనిషి మారిన ప్రతిచోటా కామా పెట్టి, దాని వెనకే పెద్దక్షరం వేశాడు. వాక్యం నడిమధ్య పెద్దక్షరం కనపడగానే, గొంతు మారిందని కంటికి తెలిసిపోతుంది. కొటేషన్లు చేసే పని అక్కడ ఆ అక్షరం చేస్తోంది.

తెలుగులో పెద్దక్షరం ఎక్కడుంది నాయనా? ‘అ’కి పెద్ద ‘అ’ ఎవరైనా కనిపెట్టారా? ‘క’ వాక్యం మొదట్లో ఎంతుంటుందో చివర్లోనూ అంతే ఉంటుంది. సరమాగో దగ్గర కామా ఒక్కటీ తెచ్చుకున్నాం, పని చేసేది మాత్రం పోర్చుగల్‌లోనే ఉండిపోయింది. కొందరైతే కామా కూడా తేలేదు. లగేజీ బరువనుకున్నారు కాబోలు.

‘మనకి “అని” ఉంది కదా, ఇక కొటేషన్లెందుకు’ అనే పండితులు ఇంకో రకం. అయ్యా, ఉంది. ఎక్కడుంది? మాటంతా అయ్యాక, చివర్న. అది తగిలాక వెనక్కి నడిచి, మాట ఎక్కడ మొదలైందో వెతుక్కోవాలి. ‘రాజు నేను మోసపోయాను అని అన్నాడు’ అని రాస్తారు. మోసపోయింది రాజా, ఈ కథ చెబుతున్న నేనా? మూసే తలుపు భాషలోనే ఉంది, తెరిచే తలుపు లేదు. ఆ లోటు తెలిసే కదా మన పాతవాళ్ళు గుర్తులు అరువు తెచ్చుకున్నది! గురజాడ 1910లో ‘దిద్దుబాటు’ని మాటతోనే మొదలుపెట్టాడు. బయట నిలబడి పిలుస్తున్నవాణ్ణి చూసి పాఠకుడెవడూ తికమకపడలేదు.

వ్యంగ్యం ఇక చాలు. నాకు ఒళ్ళు మండుతున్న సంగతి వేరే ఉంది. ఈ కథల్లో అందరిదీ ఒకటే గొంతు. అనకాపల్లి ఆటోడ్రైవరూ, ఆదిలాబాద్ టీచరమ్మా, అట్లాంటాలో కోడలూ అందరూ రచయిత ఫేస్‌బుక్‌లో రాసుకునే భాషే మాట్లాడతారు. కొటేషన్లు ఉంటే ఆ దరిద్రం లైను లైనుకీ బయటపడుతుంది. అందుకే తీసేశారు. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లోనో, నామిని ‘పచ్చనాకు సాక్షిగా’లోనో గుర్తులన్నీ చెరిపేయండి, మాట్లాడే మనిషి ఎవరో, ఏ ఊరివాడో, ఎవరిమీద కోపంగా ఉన్నాడో తెలిసిపోతుంది. ఆ చెవి కోసం వాళ్ళు జనం మధ్య బతికారు. మీరు ఒక్క మనిషి మాటైనా చివరిదాకా వినరు, విన్నట్టు రాయరు, పైగా చదివేవాడికి చదవడం రాదంటారు. ఇది బద్ధకం. దీనికి శిల్పమని పేరు పెట్టి మా మీద రుద్దకండి.

“వస్తావా?” కళ్ళెగరేశాడు. “రాను.” జడ విసిరింది. కొటేషన్లు ఉంచి ‘అన్నాడు’, ‘అంది’ పీకేసి, ఇలా జడలతో మాట్లాడించే బాపతు గురించి ఇంకోసారి. వాక్యానికి ఎనిమిది చుక్కలు పెట్టేవాళ్ళ గురించీ, ఏడుపుకి మూడు ఆశ్చర్యార్థకాలు వేసేవాళ్ళ గురించీ అసలు రాయను, వాళ్ళు కనీసం ఏదో ఒకటి పెడుతున్నారు.

ఇంతకీ రేపు ఏ డీటీపీ కుర్రాడో ‘అను’ ఫాంటుని యూనికోడ్‌లోకి మారుస్తుంటే కొటేషన్లు రాలిపోయాయనుకోండి. ఆ కథ మీద కూడా నవ్యశిల్పం అంటూ నాలుగు పేజీల విమర్శ వస్తుంది, చూస్తూండండి. సరే, కొటేషన్లు వద్దంటే వద్దు. మాట మారినప్పుడు లైనన్నా మార్చండి. కాగితం ఖర్చా? మీ కథ వచ్చేది వెబ్ పత్రికలో. ఎంటర్ నొక్కితే ఎవరూ డబ్బులడగరు.