కాశీకి పోయినవాడూ, ఔటర్‌లో ఆగినవాడూ

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని పెద్దలు ఊరికే అనలేదు. ఆ రోజుల్లో దారిదోపిడీలుండేవి, గత్తర ఉండేది, ఏర్లు పొంగేవి. ఇప్పుడు ఆ బెడద లేదు. అయినా సామెత చచ్చిపోకుండా కాపాడుతున్న ఘనత మన రైల్వేలది. పోవడం సులువు చేశారు గానీ, తిరిగి రావడాన్ని మాత్రం సంప్రదాయబద్ధంగానే ఉంచారు.

1830లో చెన్నపట్నం నుంచి పల్లకీలో బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య, కాశీ చూసుకుని 1831లో ఇల్లు చేరాడు. మజిలీ మజిలీకీ వివరాలు రాసి పెట్టుకున్నాడు. ఆయన అదృష్టం ఏమిటంటే, బోయీలకు ఔటర్ సిగ్నల్ లేదు. ఇంటి వీధి మొగలో పల్లకీ దించేసి, 'అయ్యా, అరుగు ఖాళీ లేదు, గంట కూర్చోండి' అన్న పాపాన పోలేదు.

కాశీలో ఇష్టమైన కాయో పండో వదిలేసి రావాలంటారు. తిరుగు టికెట్ చేతిలో ఉన్నవాళ్లు ఆ పళ్లతో పాటు చేతి గడియారం కూడా గంగలో వదిలేస్తే పుణ్యానికి పుణ్యం, ప్రశాంతతకు ప్రశాంతత. ఎందుకంటే గంగాజలం చెంబులతో మన బండి దక్షిణాదికి దిగేకొద్దీ కాలం తన మామూలు లక్షణాలు వదిలేస్తుంది. నాగపూర్‌లో రెండు గంటల ఆలస్యం. బల్లార్షాలో ఇంకాస్త. పెద్దపల్లిలో అడిగితే టీసీ ఆకాశం వంక చూస్తాడు. తీరా సికింద్రాబాద్‌లో దిగాక ఫోన్‌లో చూస్తే ఆలస్యం పది నిమిషాలే! విశ్వనాథుడి మహిమ అని చెంపలేసుకోకండి. అది టైంటేబుల్ రాసినవాడి మహిమ.

కిటుకు చాలా చిన్నది. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. చాలా బండ్లు పోయేటప్పుడు ఈ దూరానికి ఎంతసేపు తీసుకుంటాయో, వచ్చేటప్పుడు ఎంతసేపు రాశారో టైంటేబుల్‌లో పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యలో కొత్తగా కొండలు మొలవలేదు, పట్టాలు సాగలేదు. దారిపొడుగునా చేసిన ఆలస్యమంతా దాచుకోవడానికి ఆఖరి మెట్టులో ముందే గోతాం కుట్టి పెట్టారు, అంతే. సమయపాలన లెక్క తీసేది ఆఖరి స్టేషన్‌లోనే. అక్కడ కూడా పదిహేను నిమిషాల దాకా 'టైముకే వచ్చినట్టు' రాసుకుంటారు. తెల్లవారుజామున మంచిర్యాలలో దిగి, చంకలో పిల్లతో ఊరి బస్సు తప్పిపోయి నిలబడ్డ ఇల్లాలు ఏ లెక్కలోకీ రాదు. ఆమె ఆలస్యంగా చేరింది, బండి మాత్రం టైముకే నడిచింది.

పైగా దీనికి సూపర్‌ఫాస్ట్ అని పేరు, ఆ పేరుకో పన్ను. స్లీపర్‌కు 30 రూపాయలు, థర్డ్ ఏసీకి 45. గంటకు సగటున 55 కిలోమీటర్లు నడిస్తే చాలు, సూపర్‌ఫాస్టే. అది కూడా నడవనివి ఉన్నాయి. 478 సూపర్‌ఫాస్ట్‌లలో 123 బండ్లకు కాగితం మీద రాసుకున్న వేగమే 55 కంటే తక్కువని కాగ్ 2021 నివేదిక తేల్చింది. ఆలస్యమై తగ్గలేదండీ, పుట్టుకతోనే తక్కువ! మెయిల్, ఎక్స్‌ప్రెస్‌ల సగటు వేగాన్ని 50 నుంచి 75కు పెంచుతామని మిషన్ రఫ్తార్ అంటూ 2016లో చాటింపు వేశారు. 2019-20 నాటికి అది 50.6కు చేరిందని అదే నివేదిక చెప్పింది. ఆ పాయింటు ఆరు కోసం ఎన్ని జెండాలు ఊపారో!

టైంటేబుల్‌ను అందరికంటే తక్కువ నమ్మేది రైలు సిబ్బందే. అయినా కాజీపేట దాటిందో లేదో, ఏసీ పెట్టెలో దుప్పట్లు లాగేసుకుంటారు. లెక్క చూసుకోవాలట. భువనగిరి వచ్చేసరికి జనమంతా సామాన్లతో తలుపు దగ్గర బారులు తీరతారు. అన్నపూర్ణ విగ్రహం ఒకరి సంచిలో, కాశీతాళ్ల పొట్లం ఇంకొకరి జేబులో. 'వచ్చేశాంరా నాన్నా, ఆటో మాట్లాడు' అని ఒకాయన ఫోన్ చేసీ చేయగానే బండి మౌలాలి దగ్గర కీచుమని ఆగుతుంది. పక్క పట్టాల మీద బొగ్గు బండి పోతుంది, వందే భారత్ పోతుంది, ఇంజనొక్కటే కూడా పోతుంది. కొడుకు మళ్లీ ఫోన్ చేస్తాడు. 'వచ్చేశాంరా' అంటాడాయన మళ్లీ, ఈసారి గొంతు తగ్గించి. కుర్రాళ్లు దూకి కంకర మీద నడిచిపోతారు. మోకాళ్ల నొప్పుల పెద్దమ్మ మాత్రం అక్కడే కూర్చుంటుంది. ఆమెకిచ్చే వృద్ధుల రాయితీ 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి తీసేశారు. కరోనా పోయింది, రాయితీ రాలేదు. అది కూడా ఔటర్‌లోనే ఉన్నట్టుంది.

నష్టపరిహారం సంగతంటారా? బండి మూడు గంటలకు మించి ఆలస్యమైతే, ఎక్కకుండా ఉన్నవాడికి టికెట్ డబ్బు మొత్తం వాపసు. నమ్మి ఎక్కినవాడికి పైసా కూడా రాదు. ఎక్కనివాడికి గౌరవం, ఎక్కినవాడికి గుణపాఠం. నాలుగు గంటల ఆలస్యంతో విమానం తప్పిపోయిన ఓ కుటుంబానికి 30 వేలు ఇవ్వాల్సిందేనని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే దారి ఉంది. మౌలాలి నుంచి ఢిల్లీ దాకా వెళ్లాలి, మళ్లీ రైల్లోనే.

పట్టాలు చాలడం లేదు, ప్లాట్‌ఫాంలు చాలడం లేదు అంటారా, ఒప్పుకుంటాం. చాలనప్పుడు చాలవని చెప్పండి. ప్రతి స్టేషన్‌లోనూ ఆలస్యం లెక్క తీయండి. వేగం లేని బండికి వేగం పన్ను మానేయండి. ఇవేవీ కుదరవంటే ఒక్కటైనా చేయండి. ఆ పదిహేను నిమిషాల మినహాయింపు మాకూ ఇవ్వండి. రేపు మేం ప్లాట్‌ఫాం మీదికి పద్నాలుగు నిమిషాలు ఆలస్యంగా పరుగెత్తుకొస్తే, టైముకే వచ్చామని రాసుకుని బండి ఆపండి.