కొవ్వు ప్లాటినం, మజ్జ సిల్వర్

(మూలకణాల క్లినిక్. మోకాళ్లు పట్టేసిన రిటైర్డ్ మాస్టారు, ఆయన డాక్టరు మేనకోడలు, టై కట్టుకున్న కౌన్సెలరు.)

కౌన్సెలరు: మూడు ప్యాకేజీలండీ మాస్టారూ! మజ్జ సిల్వర్, పంటిగుజ్జు గోల్డ్, కొవ్వు ప్లాటినం.

మాస్టారు: కొవ్వు ప్లాటినమా? ఇన్నేళ్లుగా ఊరికే మోస్తున్నానే!

కౌన్సెలరు: మజ్జ కావాలంటే తుంటి ఎముకలో సూది గుచ్చాలి. లక్ష కణాలు వడపోస్తే ఒకటో పదో దొరుకుతాయి. కొవ్వులో అంతకు ఎన్నో రెట్లు! పొట్టా తగ్గుతుంది. స్వామికార్యం, స్వకార్యం.

మేనకోడలు: లెక్క నిజమే మామయ్యా. కానీ మృదులాస్థిగా మారడంలో ల్యాబులో మజ్జ కణాలదే సాధారణంగా పైచేయి. అరిగిన మోకాలిలో అది మళ్లీ పెరుగుతుందని మాత్రం దేనికీ గట్టి రుజువు లేదు.

కౌన్సెలరు: ఎక్కడ వేస్తే అక్కడి కణంలా మారిపోతాయి మేడమ్!

మేనకోడలు: 2015లో ఫ్లోరిడాలో అలాగే అనుకుని ముగ్గురు ఆడవాళ్ల కళ్లలో కొవ్వు కణాలు ఎక్కించారు. ఒకామెకు పూర్తిగా, ఇద్దరికి దాదాపుగా చూపు పోయింది.

మాస్టారు: ఒళ్లు కొవ్వెక్కడం విన్నాను. కళ్లకు ఎక్కించడం ఇదే వినడం!

మేనకోడలు: కంటి పైపొర దెబ్బతింటే నల్లగుడ్డు అంచున ఉండే లింబస్ కణాలు పనికొస్తాయి. హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు, సున్నమో యాసిడో పడి కాలిన కళ్లకు ఇరవై ఏళ్లకు పైగా వాటినే నాటుతున్నారు. రక్తం జబ్బులకు మజ్జ మార్పిడి ఇంకా పాతది. దానికి డానల్ థామస్‌కు 1990లో నోబెల్ కూడా వచ్చింది. ఏ పనికి ఏ కణమో తేలినచోట వైద్యం ఉంది. తేలనిచోట ప్యాకేజీలున్నాయి.

కౌన్సెలరు: పోనీ, మనవడి పాలపన్ను మా బ్యాంకులో దాచండి.

మాస్టారు: మేం పేడలో చుట్టి ఇంటి మీదకి విసిరేవాళ్లం బాబూ. అద్దె అడిగేవాళ్లు కాదు!

మేనకోడలు: పాలపంటి గుజ్జులో మూలకణాలున్నాయని 2003లోనే తేలింది. అయినా ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం వ్యాపారంగా దాచదగింది బొడ్డుతాడు రక్తం ఒక్కటే. పన్నుకీ కొవ్వుకీ అనుమతి లేదు.

కౌన్సెలరు: ఇది ట్రయల్ అనుకోండి మేడమ్! మూడు లక్షలే, ఈఎంఐ కూడా ఉంది.

మేనకోడలు: ట్రయల్ అయితే రోగి దగ్గర రూపాయి తీసుకోకూడదు. లేవండి మామయ్యా, ఫిజియోథెరపీకి వెళ్దాం.