ఖాళీ వాద్యం, నిండు నోరు

పోయిన ఆదివారం మా ఊళ్లో జరిగిన కరోకే సభకి ఆహ్వానపత్రంలో వేసిన సమయం సాయంత్రం ఆరున్నర. మొదటి పాట ఏడూ పదికి మొదలైంది. మధ్యలో ఆ నలభై నిమిషాలూ ఏం జరిగిందంటారా? హోస్టుగారు జరిగారు.

ముందు మైకులోకి ఊదారు. మైకు పనిచేస్తోందని తేలింది. ఆ సంతోషంలో కాసేపు మాట్లాడారు. దీపం వెలిగించడానికి ఆరుగురు పెద్దల్ని పేరుపేరునా, బిరుదు బిరుదునా పిలిచారు. ఫ్యాను గాలికి ఒత్తి మూడుసార్లు ఆరిపోతే, మూడుసార్లూ శుభసూచకమే అన్నారు. ఆరుగురికీ శాలువాలు కప్పారు. ఉక్కపోత, ఏసీ మొరాయించిన హాలు. శాలువాల కింద పెద్దలు ఉడికిపోతుంటే "వారి ముఖాల్లో ఆ తేజస్సు చూడండి" అన్నారు. ఆ పైన సభకి ఊపు రావాలి గనక మొదటి పాట తానే పాడారు. దానికి చప్పట్లు సరిగా పడలేదని రెండోదీ తానే పాడారు.

కింద ఇరవై ఇద్దరం చీటీలు రాసిచ్చి, చీటీకి రెండు వందల చొప్పున కట్టి కూర్చున్నాం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ గుళ్లో భక్తులం మేము.

సభ ముగిశాక, అంటే నా వంతు రాకుండానే ముగిశాక, మర్యాదగానే అడిగాను. "మాస్టారూ, మాట కాస్త తగ్గిస్తే ఇంకో పది పాటలు పడేవి కదా?" ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, తెలియని పిల్లాడికి లోకం చెబుతున్నట్టు చెప్పారు. "హోస్టన్నవాడు ఖాళీ రానివ్వకూడదండీ. క్షణం ఖాళీ వస్తే జనం జారిపోతారు."

ఈయన ఒక్కడి మాటైతే ఊరుకునేవాణ్ణి. నేను చూసిన క్లబ్బులన్నిట్లోనూ ఇదే వేదవాక్యం. ఖాళీ రానివ్వకూడదట.

కరోకే అన్నది జపాన్ మాట. 'కర' అంటే ఖాళీ. 'ఓకే' మన ఓకే కాదు, ఆర్కెస్ట్రా అన్న మాటని వాళ్ల నోటికి తిప్పుకుని తోక కత్తిరిస్తే మిగిలిన ముక్క. కలిపితే ఖాళీ ఆర్కెస్ట్రా. వాద్యాలన్నీ ఉంటాయి, గొంతు ఉండదు. ఆ ఖాళీ ఎవరి కోసమయ్యా అంటే రెండు వందలు కట్టినవాడి కోసం. బంతిభోజనంలో విస్తరి ఖాళీగా ఉండేది వడ్డించడానికి. మా హోస్టుగారు ఆ విస్తరి చూసి "అరెరె, ఖాళీగా ఉందే" అని, వెళ్లి అందులో తానే కూర్చున్నారు.

ఈ యంత్రం పుట్టిన కథ ఆయనకి ఎవరైనా చెప్పాలి. కోబె నగరంలో దైసుకే ఇనోయే అని ఒక డ్రమ్ములాయన ఉండేవాడు. బార్లలో గిరాకీలు పాడుతుంటే వెనక వాయించడం ఆయన వృత్తి. పాడేవాళ్లంతా మనలాంటివాళ్లే, తాళం ఒక పక్కకి పోతే గొంతు ఇంకో పక్కకి పోయేది. వాళ్లు ఎటు పోతే అటు వెనకాలే వెళ్లి పాటని పడిపోకుండా పట్టుకోవడం ఆయన చేతిచలవ. ఒక కంపెనీ యజమాని విహారయాత్రకి వెళ్తూ, నువ్వు లేనిదే నేను పాడలేను, నాతో రావాలన్నాడు. ఇనోయేకి కుదరలేదు. ఆ పెద్దమనిషి గొంతుకి సరిపడేలా వాద్యం మాత్రం టేపు మీద రికార్డు చేసి ఇచ్చి పంపాడు. ఆ టేపే పెరిగి 1971లో నూరు యెన్ల బిళ్ల వేస్తే మోగే పెట్టె అయింది. మొదట పదకొండు పెట్టెలు చేయించి బార్లకి అద్దెకిచ్చాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు.

అంటే, కరోకే చరిత్రలో మొట్టమొదటి హోస్టు చేసిన ఘనకార్యం ఏమిటి? రాకపోవడం.

2004లో ఆయనకి ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. నవ్వించి ఆలోచింపజేసే పనులకి ఇచ్చే బహుమతి అది. మనుషులు ఒకరినొకరు ఓర్చుకోవడం నేర్చుకునేందుకు కొత్త దారి చూపాడని మెచ్చుకున్నారు. వాళ్లు చెప్పింది పాడేవాణ్ణి ఓర్చుకోవడం గురించి. హోస్టుని ఓర్చుకోవడం ఆ బహుమతి పరిధిలోకి రాదు. దానికి వేరే పెట్టాలి.

తర్వాత జపాన్‌వాళ్లు ఇంకో అడుగు వేశారు. 1980లలో ఒకయామాలో సరుకు రవాణా కంటైనర్లని గదులుగా మార్చి కరోకే బాక్సులన్నారు. గదిలో నలుగురు స్నేహితులు, ఒక తెర, మైకులు. హోస్టు లేడు. మనం యంత్రాన్ని దిగుమతి చేసుకుని, ఆ యంత్రం ఏ మనిషిని ఇంటికి పంపిందో అతన్నే వెతికి పిలుచుకొచ్చాం. ఈసారి వాయించడానికి కాదు, వాగడానికి.

హోస్టే వద్దని నేననడం లేదు. నలుగురు స్నేహితుల గదితో మన సరదా తీరదు. హాలు కావాలి, వెనక ఫ్లెక్సీ కావాలి, ముందు వరసలో వియ్యంకుడు ఉండాలి. అంతమందిని నడపాలంటే ఒక మనిషి ఉండాల్సిందే. కాకపోతే ఆ మనిషి లెక్క తెలిసినవాడై ఉండాలి. హాలు అద్దె మూడు గంటలకి. పాట నాలుగు నిమిషాలు, మనిషి దిగి మనిషి ఎక్కడానికి ఒక నిమిషం. ముప్పై ఆరు పాటలు పడతాయి. పాటకి ముందు రెండు నిమిషాలు, వెనక ఒక నిమిషం హోస్టు మాట్లాడితే ఇరవై రెండే పడతాయి. మిగతా పద్నాలుగు పాటలూ ఆయన నోట్లో పడ్డట్టే. ఇందులో దీపం, శాలువాలు, ఆయన సొంత పాటలు కలపలేదు.

పోనీ ఆ మూడు నిమిషాల్లో చెప్పేదేమిటి? పాట ముందు, పాడబోయేవాడి ఉద్యోగం, పదోన్నతులు, అమెరికాలో కొడుకు. పాట తర్వాత బిరుదు. ఆ ఒక్క సాయంత్రమే మా హాల్లో నలుగురు అభినవ ఘంటసాలలు, ఇద్దరు అపర సుశీలలు వెలిశారు. తాళం తప్పినవాడికీ అదే బిరుదు, తాళమే వేయనివాడికీ అదే. రేషను బియ్యానికైనా కార్డు చూపించమంటారు, దీనికి అదీ అక్కర్లేదు. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. ఏటా ఆ రోజున మా ఊళ్లో ఆయన వర్ధంతి సభ పెడతారు. వేదిక మీద అంతమంది ఘంటసాలలు ఉంటారు గనక పోయింది ఎవరో కొత్తవాళ్లకి తెలియదు.

ఉన్న సమాచారమైనా సరిగ్గా ఉంటుందా అంటే, అదీ లేదు. ఒకామె 'మల్లీశ్వరి' పాట ఎత్తుకోబోతోంది. "1951లో ఘంటసాల మాస్టారు స్వరపరచగా ఆత్రేయగారు రాసిన..." అని అందుకున్నారు హోస్టుగారు. మూడో వరసలోంచి రిటైరైన తెలుగు మాస్టారు లేచారు. "సంగీతం సాలూరి రాజేశ్వరరావుగారండీ. ఘంటసాల పాడారు. పాటలు దేవులపల్లివి. ఆయన సినిమాకి రాయడం దాంతోనే మొదలు." హోస్టుగారు తడుముకోలేదు. "మహానుభావులంతా ఒకటేనండీ. మాస్టారికి ఒక్కసారి గట్టిగా చప్పట్లు!" తప్పు దిద్దినాయనకి చప్పట్లు పడ్డాయి, తప్పు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ గొడవలో ట్రాకు మొదలైపోయి పాపం ఆమె పల్లవి అందుకోలేకపోయింది.

చప్పట్ల సంగతి వేరే చెప్పాలి. చరణానికీ చరణానికీ మధ్య వేణువు వస్తుంది చూశారా, పాడేవాడు గుటక మింగి ఊపిరి తీసుకునే చోటు. సరిగ్గా అక్కడ "చేతులు కలపాలి! వినపడట్లేదు! ఇంకా గట్టిగా!" అని అరుస్తారు. పాడేవాడికి వేణువు వినపడక రెండో చరణం దాటిపోతుంది. అప్పుడు హోస్టుగారే అందుకుని పాట పూర్తి చేసి, ఆదుకున్నందుకు మళ్లీ చప్పట్లు అడుగుతారు.

'జగదేకవీరుని కథ'లో పెండ్యాల కట్టిన శివశంకరి పాటకి తెర మీద ఒక్క ఎన్టీఆరే పలువురై కనిపించి తలా ఒక వాద్యం పట్టుకుంటారు. మా హోస్టుగారికి ఆ విద్య అబ్బింది. వ్యాఖ్యాత ఆయనే, గాయకుడు ఆయనే, కోశాధికారి ఆయనే, చివర్లో వందన సమర్పణ చేసేదీ అందుకునేదీ ఆయనే. ఖాళీగా ఉన్నది ఒక్క సౌండు మిక్సరు దగ్గరి కుర్చీ. అక్కడ మాత్రం ఖాళీ ఆయనకి అభ్యంతరం లేదు. అందుకే ఎకో హద్దు మీరి పాడేవాళ్లంతా బావిలోంచి పాడినట్టున్నారు. తెర మీద తెలుగు పాట ఇంగ్లీషు అక్షరాల్లో పరిగెత్తుతుంటే కుర్రాళ్ల నోట్లో కళ కల అయింది, బాణం బానం అయింది. ట్రాకులు డబ్బు పెట్టి కొనకుండా ఫోన్లో యూట్యూబ్ నుంచి నడపడం వల్ల ఒక విరహగీతం మధ్యలో సిమెంటు ప్రకటన వచ్చింది. ఆ రాత్రి శ్రుతి తప్పకుండా వినిపించింది అదొక్కటే.

"మరి బాలుగారు మాట్లాడలేదా?" అంటారు, ఎవరైనా ఎదురడిగితే. హోస్టులందరి చేతిలోనూ ఉండే ఆఖరి బాణం ఇది. మాట్లాడారు. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పట్నుంచీ 2020లో కన్నుమూసేదాకా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మాట్లాడుతూనే వచ్చారు, మేం వింటూనే వచ్చాం. ఆయన మాట్లాడింది పాట గురించి. రాసిందెవరు, కట్టిందెవరు, ఏ మాట దగ్గర ఊపిరి తీయకూడదు, ఏ గమకం గొంతులో నలిగింది. తప్పు పాడిన పిల్లకి తప్పని చెప్పేవారు, ఆ పిల్ల నవ్వుతూ దిగేది. ఆయన మాట అయ్యాక ఆ పాట మళ్లీ వినాలనిపించేది. మా హోస్టుగారి మాట అయ్యాక టీ తాగాలనిపిస్తుంది.

పాడేవాడికి పక్కన నిలబడే ఈ విద్య అసలు మనకి కొత్త కాదు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ వంతలు ఉంటారు. ఒకాయన హాస్యం, ఒకాయన రాజకీయం. కథకుడు ఊపిరి తీసుకునే చోట తందాన అంటారు, జనం గుండె బరువెక్కితే ఒక చమత్కారం విసురుతారు, వెంటనే కథని కథకుడి చేతిలో పెట్టేస్తారు. వంత పాడేవాడు తంబురా లాక్కుని కథ తానే చెప్పిన వైనం నేనెక్కడా చూడలేదు. కరోకే హోస్టంటే వంతే. ఆ మాట చిన్నతనంగా ఉంటే ఇంగ్లీషులో హోస్టనే అనుకోమనండి, పని మాత్రం అదే.

ఈ పని తెలిసినవాణ్ణి ఒకణ్ణి చూశాను. మా బజార్లో సౌండు, లైటింగు అద్దెకిచ్చే కుర్రాడు. వినాయకచవితి పందిట్లో ఒక రాత్రి కరోకే పెట్టించారు. చీటీ మీద పేరు, పాట, శ్రుతి రాయమన్నాడు. శ్రుతి తెలియదన్నవాళ్లని పందిరి వెనక్కి తీసుకెళ్లి రెండు ముక్కలు పాడించుకున్నాడు. "సార్, మీకు ఒకటిన్నర అందదు, ఒకటికి దించుతా" అని ట్రాకు దించాడు. ఘంటసాల పాడిన శ్రుతిలోనే ఊరంతా పాడాలనుకోవడం ఒకే కొలత చొక్కా అందరికీ తొడగడమే. ఆ చిన్న మీటని హోస్టుగార్లు ఎందుకు ముట్టుకోరో నాకర్థం కాదు.

వరస కూడా అతను చూసి వేశాడు. మొదటిసారి పాడేవాళ్లని అందరికంటే ముందు తొయ్యలేదు, బాగా పాడేవాడి వెనకా వెయ్యలేదు. అందరిదీ ఒక చుట్టు అయ్యేదాకా ఎవరికీ రెండో పాట లేదు. కార్పొరేటరు బావమరిది రెండోదానికి లేస్తే "లిస్టులో ముప్పై ఒకటోదండీ" అన్నాడు, అంతే. అమెరికా బార్లలో ఈ పని చేసేవాణ్ణి కేజే అంటారు. అక్కడా మొదటి నీతి ఈ వరసే, అది తప్పితే జనం ఇంకో బారు చూసుకుంటారు.

అరవై దాటిన ఒక పెద్దావిడ తొలిసారి మైకు పట్టుకుంది. మైకు తలని గుప్పిట బిగించేసరికి స్పీకర్లు కుయ్యిమన్నాయి. అతను ఉపన్యాసం ఇవ్వలేదు, వెళ్లి "అమ్మా, కాస్త కిందకి" అని చెయ్యి సర్ది వచ్చాడు. చరణం తర్వాత ఆవిడ పల్లవి దారి తప్పింది. అతను మిక్సరు దగ్గరే కూర్చుని రెండో మైకులో సన్నగా హమ్ చేసి ఆవిణ్ణి దారిలో పెట్టి, తన మైకు దించేశాడు. తనని ఎవరో చెయ్యి పట్టి నడిపించారని ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

ఆ రాత్రి అతను మాట్లాడిందల్లా ఇప్పుడు పాడేవారి పేరు, తర్వాత పాడేవారి పేరు. పాటకీ పాటకీ మధ్య కావలసినంత ఖాళీ ఉంది. జనం ఎక్కడికీ జారిపోలేదు. ఆ ఖాళీలో పక్కవాడితో ఇప్పుడే విన్న పాట గురించి మాట్లాడుకున్నారు.

"నువ్వు పాడవా తమ్ముడూ?" అని అడిగాను.

"లిస్టు ఖాళీ అయితే పాడతా సార్" అన్నాడు. పన్నెండున్నరకి పోలీసులు వచ్చి మైకు ఆపించారు. అప్పటికి లిస్టులో ఇంకా ఆరు పేర్లున్నాయి.

పోయిన ఆదివారం నుంచీ నా చీటీ మా హోస్టుగారి లాల్చీ జేబులో ఉంది. ఆయన ఈ వ్యాసం చదివితే ఒక్క మనవి. జేబులో మడత పడి ఉంటుంది, నీలం సిరా, శ్రుతి ఒకటి అని రాసింది. రెండు వందలూ మీరే ఉంచుకోండి. చీటీ మాత్రం బజార్లో ఆ సౌండు కొట్లో ఇచ్చేయండి, చవితి దగ్గర పడుతోంది.