యాభై వేల మంది పల్లెటూరు

అసలు సిసలు పల్లెటూరు చూడాలంటే భద్రాచలం రండి. ఆర్టీసీ డిపో, ఐటీడీఏ ఆఫీసు, ఏరియా ఆసుపత్రి, అడుగడుగునా లాడ్జీలు, 2011 లెక్కల్లోనే 50,087 మంది జనం. కాగితం మీద మాత్రం ఇది గ్రామ పంచాయతీ. తలలు లెక్కపెట్టేటప్పుడు పట్నం, మెంబర్లను పంచేటప్పుడు పల్లె.

పంచాయతీ ఎంత పెద్దదైనా సర్పంచ్‌తో కలిపి సభ్యులు 21 మందిని మించకూడదని చట్టం. కాబట్టి ఇక్కడ ఇరవై వార్డులు, సుమారు 2,500 మందికి ఒక మెంబరు. ఏజెన్సీలో 500 మంది ఉన్న గూడెం పంచాయతీలో మహా అయితే 125 మందికి ఒకరు. అక్కడ ఒక్కడు దగ్గితే మెంబరుకు వినబడుతుంది. మా ఏఎంసీ కాలనీలో అదే వినబడాలంటే ఇరవై మంది ఒకేసారి దగ్గాలి.

ఆ మెంబర్లయినా ఎప్పుడూ ఉన్నారా? 2013లో గెలిచినవాళ్ల గడువు 2018లో తీరింది. ఆ తర్వాత 2025 డిసెంబరు దాకా స్పెషల్ ఆఫీసర్ల ఏలుబడి. ఈలోగా 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు వచ్చి ఊరిని ముంచింది. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం వచ్చి ఊరిని భద్రాచలం, సీతారామనగర్, శాంతినగర్ అని మూడు ముక్కలు చేసింది. తర్వాత మళ్లీ అతికించింది. గోదావరి వచ్చేముందు మూడు ప్రమాద హెచ్చరికలైనా ఇస్తారు.

పొరుగువారి కథ ఇంకో రకం. 2014లో పోలవరం ప్రాజెక్టు పేరుతో సరిహద్దు గీత జరిగి ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు ఆంధ్రాలోకి పోయాయి. వాళ్ల సంత, దవాఖానా, బస్సు అన్నీ భద్రాచలమే. ఓటు మాత్రం రంపచోడవరం ఎమ్మెల్యేకు. మాకేమో చెత్త పోసుకునేందుకు జాగా లేదు. గుడి ఇటు మిగిలింది, పురుషోత్తపట్నంలోని గుడి భూములు అటు పోయాయి. అంటే రాములవారు తెలంగాణ నివాసి, ఆంధ్రా రైతు. రెండు చోట్లా ఓటు లేదు గనుక ఆయన గోడూ ఎవరికీ పట్టదు.

మరి మున్సిపాలిటీ చేయొచ్చుగా అంటారా? రాజ్యాంగంలోని 243జడ్‌సీ ప్రకారం భద్రాచలం లాంటి షెడ్యూల్డ్ ప్రాంతాలకు మున్సిపాలిటీల భాగం వర్తించదు. పక్కనున్న పాల్వంచను 1987లోనే మున్సిపాలిటీ అన్నారు, కౌన్సిల్ ఎన్నికలు మాత్రం పెట్టలేకపోయారు. ఆదివాసీల భయంలోనూ న్యాయముంది. ఏజెన్సీ పంచాయతీలో సర్పంచ్ కుర్చీ గిరిజనులదే. బోర్డు మారితే ఆ కుర్చీకి హామీ ఎవరు? వాళ్ల హక్కు పోకుండా పట్నాలకూ పాలన ఇచ్చే చట్టం కావాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని పల్లెలకు పెసా చట్టం 1996లో వచ్చింది. పట్నాల బిల్లు 2001లో రాజ్యసభ గడప తొక్కింది, చట్టమై బయటికి రాలేదు. రామదాసును గోల్కొండలో పెట్టింది పన్నెండేళ్లే అంటారు. ఈ బిల్లు అంతకు రెట్టింపు శిక్ష అనుభవించింది. ఏ నేరం చేసిందో చెప్పినవారు లేరు.

ఏటా శ్రీరామనవమికి వీఐపీ గ్యాలరీలో ముందు వరుస కోసం పోటీపడే పార్లమెంటు సభ్యులకు ఒక్క మనవి. కల్యాణం మీరు లేకపోయినా జరుగుతుంది. ఆ బిల్లు మాత్రం మీరు కూర్చోవలసిన చోట కూర్చుంటేనే కదులుతుంది.